కర్బన లెక్కలో కౌలుదారు పేరేది?

కృష్ణా డెల్టాలో ఒక వరి ఊరు. పేరు చెప్పనక్కర్లేదు, ఎందుకంటే ఇక్కడ మాట్లాడే ఇద్దరూ కల్పితమే. వాళ్ళ మాటలు మాత్రం మన ఊళ్ళలో రోజూ వినపడేవే. ఒకాయన మాజీ సర్పంచ్, భూమి ఉన్న మనిషి, ఇప్పుడు పొలమంతా కౌలుకిచ్చారు. ఆమె మహిళా సంఘాల గ్రామ సమాఖ్య లీడరు. ఆయన పొలంలో కొంత సాగు చేసేది ఆమె భర్తే. పంచాయతీ అభివృద్ధి ప్రణాళికలో ఈసారి కర్బన ఉద్గారాల తగ్గింపు మీద కూడా ఊరే సొంతంగా ఒక అధ్యాయం రాసుకోవాలని ఆమె పట్టు. అది దండగ పని అని ఆయన అభిప్రాయం.

మాజీ సర్పంచ్: ఏమ్మా, గ్రామసభలో ఊరి కార్బన్ లెక్క పెట్టిస్తావట? మనూళ్ళో ఏం ఉందని? నాలుగు ట్రాక్టర్లు, ఒక రైస్ మిల్లు. డాబా ఎక్కి చూస్తే ఇబ్రహీంపట్నం థర్మల్ స్టేషన్ పొగ గొట్టాలు కనపడతాయి, వెళ్ళి వాటికి పెట్టించు లెక్క.

లీడరు: పొలం ఉంది కదా బాబాయ్. నీళ్ళు నిలవున్న చేలో మట్టికి గాలి ఆడదు. గాలి లేనిచోట బతికే సూక్ష్మజీవులు మోళ్ళనీ గడ్డినీ కుళ్ళబెట్టి మీథేన్ పుట్టిస్తాయి. అది ఎక్కువగా వరి దుబ్బుల్లోంచే పైకొస్తుంది. వందేళ్ళ లెక్కన చూస్తే కార్బన్ డయాక్సైడ్ కన్నా పాతిక రెట్లకు పైగా వేడి పట్టి ఉంచే వాయువు అది. ట్రాక్టర్లూ మిల్లూ కాదు, మన ఊరి పొగ గొట్టం మన చేనే.

మాజీ సర్పంచ్: అంటే అన్నం తినడం నేరమన్నమాట! చూడమ్మా, మన దేశంలో తలసరి ఉద్గారాలు ప్రపంచ సగటులో సగం కూడా లేవు. అమెరికావాడు మనకు దాదాపు ఆరు రెట్లు. మన దేశంలోనే హైదరాబాదులో రెండు ఏసీలూ రెండు కార్లూ ఉన్నవాడికీ, ఇక్కడ నాట్లేసే ఆడమనిషికీ పోలికేమిటి? న్యాయం న్యాయం అంటావు, ముందు వాళ్ళ దగ్గర మొదలుపెట్టాలి కదా.

లీడరు: ఆ మాటకు నేను అడ్డు చెప్పను. మనం పాపం చేశామని కాదు నేను లెక్క పెట్టమనేది. మనం పెట్టకపోయినా ఎవరో ఒకరు పెడుతున్నారు. మధ్యమధ్యలో చేను ఆరబెట్టి నీళ్ళు పెట్టే ఆరుతడి చేస్తే కార్బన్ క్రెడిట్లొస్తాయని కంపెనీలవాళ్ళు ప్లాస్టిక్ గొట్టాలు పట్టుకుని పొలాల్లోకి వస్తున్నారు. పట్టాదారు సంతకం తీసుకుంటారు, ఫోన్లో ఫొటో తీసుకుంటారు, వెళ్ళిపోతారు. మన పొలం లెక్క ఎక్కడో కంప్యూటర్లో ఉంటుంది, ఊళ్ళో మాత్రం ఉండదు. ఆ కాగితమేదో మనమే రాసుకుందామంటున్నాను.

మాజీ సర్పంచ్: రాసుకుని?

లీడరు: కేరళలో మీనంగాడి పంచాయతీ రాసుకుంది. వయనాడ్ జిల్లా. 2016లో మొదలుపెట్టారు, అప్పుడు థామస్ ఐజాక్ ఆర్థిక మంత్రి. ఇళ్ళు, వాహనాలు, పశువులు, పొలాలు అన్నీ సర్వే చేశారు. ఊరు ఏడాదికి వదిలేది 33 వేల టన్నుల పైచిలుకు, అక్కడి చెట్లూ నేలా పీల్చుకునేది 22 వేల దాకా. తేడా 11 వేల టన్నుల పైన. ఆ తేడా పూడ్చడమే వాళ్ళ ప్రణాళిక.

మాజీ సర్పంచ్: నేను కరెంటాఫీసు చుట్టూ తిరిగిన సర్పంచ్‌నమ్మా, నాకూ కొంచెం లెక్కలొచ్చు. థర్మల్ స్టేషన్లో 210 మెగావాట్ల పాత యూనిట్ ఒక్కటి రోజంతా పూర్తి లోడుతో నడిస్తే 50 లక్షల యూనిట్ల కరెంటు. బొగ్గు కరెంటు యూనిట్‌కి ఇంచుమించు కిలో కార్బన్ డయాక్సైడ్. అంటే రోజుకు 5 వేల టన్నుల దగ్గర. నీ మీనంగాడి ఊరు ఊరంతా కిందామీదా పడి ఏడాదికి పూడ్చే తేడా, ఆ ఒక్క యూనిట్‌కి రెండు రోజుల పైచిలుకు పని! ఇబ్రహీంపట్నంలో మొత్తం 2,560 మెగావాట్లున్నాయి.

(ఈ లెక్క సరిగ్గానే ఉంది. ఊరి స్థాయి ప్రణాళికల గురించి ఉత్సాహంగా మాట్లాడేవాళ్ళు దీన్ని దాటేసి పోతుంటారు. ఆమె దాటేయలేదు.)

లీడరు: నిజమే బాబాయ్. టన్నుల్లో చూస్తే మనం ఎంతో కాదు. కానీ మీనంగాడిలో నాకు నచ్చింది టన్నులు కాదు, చెట్ల బ్యాంకు. రైతు తన పొలంలో చెట్టును తాకట్టు పెడతాడు. చెట్టుకు ఏడాదికి 50 రూపాయల చొప్పున పదేళ్ళు వడ్డీ లేని అప్పు ఇస్తారు. చెట్టు కొట్టేస్తేనే తిరిగి కట్టాలి. డబ్బు ఎక్కడిది? ప్రభుత్వం 10 కోట్లు వాళ్ళ ఊరి సహకార బ్యాంకులోనే డిపాజిట్ చేసింది. చెట్లను లెక్కపెట్టేది పంచాయతీ, డబ్బిచ్చేది ఊరి బ్యాంకు. మధ్యలో కంపెనీ లేదు.

మాజీ సర్పంచ్: బాగుంది. చెట్టు నిలబడాలంటే ఏం కావాలి?

లీడరు: నేల.

మాజీ సర్పంచ్: వయనాడ్‌లో పనియ గిరిజనులని ఉన్నారు, తెలుసా? తరతరాలుగా కూలికి పోయేవాళ్ళు. చాలామందికి సొంత సెంటు భూమి లేదు. వాళ్ళు తాకట్టు పెట్టడానికి చెట్టేది? కాఫీ తోట ఉన్నవాడికి వంద చెట్లుంటే ఏడాదికి 5 వేలు. కూలివాడికి సున్నా. నువ్వు సమానత అంటున్న పథకంలోనే ముందు భూమి ఉన్నవాడు కనపడుతున్నాడు. అంటే నాలాంటివాడు. నాకేం అభ్యంతరం లేదు, నేనూ టేకు మొక్కలు పెట్టుకుంటా.

లీడరు: అక్కడే నాకూ నొప్పి. అందుకే ప్రణాళిక రాసేటప్పుడు నేల లేనివాళ్ళు కూర్చోవాలంటున్నా. మనూళ్ళో ఆ మాటకొస్తే సాగులో ఎక్కువ భాగం కౌలుదే.

మాజీ సర్పంచ్: కూర్చుంటే? కేరళ పంచాయతీకీ మనకూ తేడా చూడు. వాళ్ళు 1996లోనే రాష్ట్ర ప్రణాళిక నిధుల్లో 35 నుంచి 40 శాతం స్థానిక సంస్థలకు వదిలేశారు. ఇరవై ఏళ్ళు ఊళ్ళు సొంతంగా ఖర్చుపెట్టడం నేర్చుకున్నాక మీనంగాడి వచ్చింది. మనకో? రాజ్యాంగం పదకొండో షెడ్యూల్లో 29 అంశాలున్నాయి, చేతిలో ఉన్నవి వీధి దీపాలు, మురుగు కాలవలు. ఆర్థిక సంఘం డబ్బు పంచాయతీ ఖాతాలో పడితే కరెంటు బకాయిల కింద సర్దేసుకున్నారని మన సర్పంచులు రోడ్డెక్కిన సంగతి మర్చిపోయావా? తెలంగాణలో 2024 ఫిబ్రవరి నుంచి 2025 డిసెంబరు దాకా, దాదాపు రెండేళ్ళు, ఎన్నికైన సర్పంచే లేడు, ప్రత్యేకాధికారులే. వాళ్ళ 2018 పంచాయతీరాజ్ చట్టం చదివావా? ఊరి బడ్జెట్లో పది శాతం పచ్చదనానికి, నాటిన మొక్కల్లో 85 శాతం బతకాలి, బతక్కపోతే సర్పంచ్ పదవికే ఎసరు. ఏ మొక్క, ఎక్కడ, ఎవరి మేత పోరంబోకులో అన్నది ఊరు తేల్చుకోవాలిగానీ, శాతం పైనుంచి వస్తుంది. దీన్నేనా నువ్వు ఊరి ప్రణాళిక అనేది?

లీడరు: కాదు.

మాజీ సర్పంచ్: గ్రామసభ సంగతి చెప్పనా? 2024 ఆగస్టు 23న మన రాష్ట్రంలో ఒకే రోజు 13,326 పంచాయతీల్లో గ్రామసభలు పెట్టి రికార్డు కొట్టాం. మనూళ్ళో ఆ రోజు ఎంతమంది నోరు తెరిచారు?

లీడరు: ఫొటో దిగాక లేచి వెళ్ళిపోయారు. నేనూ వెళ్ళిపోయా, బియ్యం బండి వచ్చిందని.

మాజీ సర్పంచ్: మరి!

లీడరు: బాబాయ్, ప్రకృతి వ్యవసాయం మన రాష్ట్రంలో 2016లో మొదలైంది. గ్రామసభలు నడిపాయా దాన్ని? మా సంఘాలు నడిపాయి. పక్క ఊరి రైతు మనూరి రైతుకి ఘనజీవామృతం చేయడం నేర్పింది. నవధాన్యాలు చల్లడం, నేలను ఖాళీగా ఉంచకపోవడం, యూరియా తగ్గించడం, ఇవన్నీ సంఘం మీటింగుల్లో మాట్లాడుకుని చేసినవే. యూరియా తగ్గితే చేలోంచి నైట్రస్ ఆక్సైడ్ తగ్గుతుంది, అది మీథేన్ కన్నా గట్టి పిండం. ఈ ప్రకృతి వ్యవసాయానికే 2024లో పోర్చుగల్ వాళ్ళ గుల్బెంకియన్ బహుమతి వచ్చింది, నేల శాస్త్రవేత్త రత్తన్ లాల్‌తోనూ ఈజిప్టు సంస్థ సెకెమ్‌తోనూ కలిపి. అధికారం లేకపోయినా ఊళ్ళు చేయగలవనడానికి ఇంతకంటే ఏం కావాలి?

మాజీ సర్పంచ్: సంఘాలే నడిపాయంటే ఒప్పుకోను. వెనకాల ప్రభుత్వ రైతు సాధికార సంస్థ ఉంది, జీతాలున్నాయి, అప్పులు తెచ్చిన డబ్బు ఉంది. అవి తీసేస్తే ఎన్ని ఊళ్ళలో నిలుస్తుందో చూద్దాం.

లీడరు: నిలిచేవి నిలుస్తాయి. మా ఆయన మానలేదు.

(సౌర విద్యుత్తు మాట కూడా వచ్చింది, కానీ ఎక్కువసేపు నిలవలేదు. పీఎం సూర్యఘర్ కింద 3 కిలోవాట్లకు 78 వేల రాయితీ ఉందని ఆమె అంటే, స్లాబు ఇల్లూ సొంత మీటరూ ఉన్నవాడికని ఆయన అన్నారు. రేకుల షెడ్డులో అద్దెకున్నవాళ్ళ మాటేమిటి? ఎస్సీ, ఎస్టీ ఇళ్ళకు ఉచితంగా పెడతామంటున్నారుగా అని ఆమె. పెట్టనీ, చూద్దాం అని ఆయన. తెలంగాణలో కొండారెడ్డిపల్లి, ఆంధ్రలో నారావారిపల్లె సౌర గ్రామాలుగా పేరు తెచ్చుకున్నాయి. రెండూ ముఖ్యమంత్రుల సొంతూళ్ళు. ‘మనూళ్ళో ముఖ్యమంత్రి పుట్టేదాకా ఆగుదాం’ అని ఆయన నవ్వారు. నాకూ నవ్వొచ్చింది.)

లీడరు: సరే, చేను దగ్గరికి రండి. ఆరుతడికి చేలో చిల్లుల గొట్టం పాతి, నీటి మట్టం నేలకు 15 సెంటీమీటర్ల లోతుకు దిగేదాకా ఆగి మళ్ళీ పెట్టాలి. పూత మీదున్నప్పుడు మాత్రం తడి ఆపకూడదు. ఇంతే. మీథేన్ దాదాపు సగం తగ్గుతుంది, దిగుబడి పెద్దగా తగ్గదు. మిగిలిన నీళ్ళు కాలవ చివరి భూములకు పోతాయి. కిందూరివాళ్ళు ఏటా మన లాకుల దగ్గరకొచ్చి గొడవ పడుతున్నారు కదా.

మాజీ సర్పంచ్: చెప్పినంత తేలికా? డెల్టాలో నీ చేను ఆరబెడదామంటే పై చేను నీళ్ళు గట్టు కిందనుంచి ఊరతాయి. మురుగు కాలవ పూడిపోయింది, బయటికి పోదు. కాలవకు నీళ్ళొచ్చేది వంతుల మీద. ఆరబెట్టాక మళ్ళీ వంతు ఎప్పుడొస్తుందోనని భయపడే రైతు నీళ్ళు చేలోనే దాచుకుంటాడు. పైగా నీటి తీరువా ఎకరానికింత. పొదుపు చేసినవాడికీ పారబోసినవాడికీ ఒకటే. తెలంగాణ బోర్లకింద ఇదే కథ వేరే రూపంలో, కరెంటు ఉచితం. లాకు తాళం ఇరిగేషన్ వాళ్ళ దగ్గరుంది, పంచాయతీ దగ్గర లేదు.

లీడరు: అందుకే ఒక్క రైతు చేసేది కాదంటున్నా. ఒక పిల్ల కాలవ కింద రైతులంతా ఒకేసారి చేయాలి, మురుగు కాలవ పూడిక ఉపాధి హామీలో తీయాలి, నీటి సంఘం వంతు తేదీ ముందే చెప్పాలి. ఊరు కూర్చోకుండా ఇందులో ఏదవుతుంది?

మాజీ సర్పంచ్: నీటి సంఘాలకు 2024 డిసెంబరులో ఎన్నికలయ్యాయి కదా. వెళ్ళి అడుగు.

లీడరు: ఎవరు అడగాలి? మా ఆయనా? రికార్డులో పేరు లేనివాడికి అక్కడ మాటేముంది? ఇంకో సంగతి వినండి. నీళ్ళు తీసేస్తే కలుపు లేస్తుంది. కలుపు తీతకి ఖర్చు ఎవరిది? కౌలు రైతుది. ఒకవేళ పంట నాలుగు బస్తాలు తగ్గితే? మీకివ్వాల్సిన బస్తాలు ముందే మాట్లాడుకున్నాం, అవి తగ్గవు. నష్టం మాది. రేపు కార్బన్ డబ్బులొస్తే సంతకం మీది కాబట్టి డబ్బు మీది. పని మాది, భయం మాది, క్రెడిట్ మీది. సొమ్మొకరిది సోకొకరిది.

మాజీ సర్పంచ్: ... ఇప్పుడు నా దగ్గరికొచ్చావు.

లీడరు: ఎప్పుడో రావలసింది. సాగుదారు హక్కు కార్డుకు మూడేళ్ళ నుంచి మీ సంతకం అడుగుతున్నాడు మా ఆయన. పెట్టలేదు మీరు.

మాజీ సర్పంచ్: ఊరికే పెట్టకపోలేదమ్మా. మా నాన్న కాలంలో 1956 కౌలుదారీ చట్టం వచ్చాక, కౌలుకిచ్చిన భూముల మీద కోర్టుల చుట్టూ తిరిగి సగం జీవితం పోగొట్టుకున్నవాళ్ళని చూశాను. కాగితం మీద పేరెక్కితే చాలు, తీయడానికి తరం పడుతుంది. ఆ భయం నాకొక్కడికే కాదు, డెల్టా అంతా ఉంది.

లీడరు: 2019 సాగుదారు హక్కుల చట్టంలో పదకొండు నెలలకే కార్డు. భూమి మీద హక్కు రాదని అందులోనే రాసుంది. పంట రుణం, పంట బీమా, నష్టపరిహారం సాగు చేసినవాడికి రావడానికి ఆ కార్డు. కానీ చట్టం మీ సంతకం అడుగుతుంది, అక్కడే ఆగిపోతోంది. తుఫానుకు పంట పోయినా పరిహారం మీ ఖాతాలోనే పడింది. మీరు మంచివాళ్ళు, సగం ఇచ్చారు. అందరూ ఇస్తారా?

మాజీ సర్పంచ్: ఇవ్వరు.

లీడరు: ఈ కార్డు సంగతి తేలకుండా ఎంత గొప్ప వాతావరణ ప్రణాళిక వచ్చినా మా నెత్తిమీదే పడుతుంది. అందుకే నేను కార్బన్ అంటున్నా, మీరు కార్డు అని వినండి.

మాజీ సర్పంచ్: అట్లా చెప్పు మరి! కార్బన్ పేరు చెప్పి కౌలు సంగతి తేల్చుకుందామని చూస్తున్నావు.

లీడరు: రెండూ ఒకటే బాబాయ్. చేలో నీళ్ళు ఎప్పుడు పెట్టాలో, ఎప్పుడు తీయాలో రోజూ తేల్చేది కౌలుదారు. అతన్ని వదిలేసి తగ్గింపు ఎవరితో చేయిస్తారు?

మాజీ సర్పంచ్: సరే, అయితే ఒక మాట చెప్తా. ఇంత చేసి ఊరికే ఎందుకు? క్రెడిట్లు అమ్ముకుందాం. వచ్చింది పంచుకుందాం. నువ్వేమో కంపెనీ వద్దంటావు.

(ఇక్కడ ఇద్దరూ స్థానాలు మారారు. ప్రణాళికే వద్దన్నాయన అమ్ముదామంటున్నారు, కావాలన్నామె అమ్మొద్దంటోంది.)

లీడరు: అరకులో 2010 నుంచి ఆదివాసీ రైతులు నాంది అనే స్వచ్ఛంద సంస్థతో కలిసి 60 లక్షల దాకా మొక్కలు నాటారు. కాఫీ, మామిడి, ఇతర చెట్లు. డబ్బు పెట్టింది ఫ్రాన్సు నుంచి వచ్చిన లైవ్లీహుడ్స్ ఫండ్, అందులో డానోన్ వంటి కంపెనీలున్నాయి. పండూ కాఫీ గింజా రైతువి. ఆ చెట్లు పీల్చే కార్బన్ మాత్రం ఆ కంపెనీల ఖాతాలోకి పోతుంది. వాళ్ళు తమ పొగ తగ్గినట్టు చూపించుకుంటారు. పొదుపు మనది, వాడకం వాళ్ళది.

మాజీ సర్పంచ్: ఆ డబ్బే లేకపోతే ఆ మొక్కలు ఉండేవా? నువ్వు న్యాయం గురించి మాట్లాడు, కానీ ఆ రైతు ఇంట్లో మామిడి కాపు వచ్చింది కదా.

లీడరు: వచ్చింది. కాదనను. కానీ వరిలో అట్లా కాదు. చెట్టు కనపడుతుంది, లెక్కపెట్టొచ్చు. చేలో నీళ్ళు తీశామా లేదా అన్నది ఎవరు చూశారు? 2024లో కార్బన్ క్రెడిట్లకు ముద్ర వేసే వెర్రా అనే సంస్థ చైనాలోని 37 వరి ప్రాజెక్టులను ఒకేసారి తిరస్కరించింది. క్రెడిట్లు చెల్లవన్న రోజు కంపెనీ పోతుంది, రైతుకు మాత్రం ఊళ్ళో పరువు పోతుంది. మన లెక్క మనకోసం ఉండనివ్వండి. నీళ్ళు మిగిలాయి, యూరియా మిగిలింది, కాలవ చివర పంట పండింది. అది చాలు మొదటి మూడేళ్ళకి.

మాజీ సర్పంచ్: మొదటి మూడేళ్ళకి అన్నావు. గుర్తుపెట్టుకుంటా.

లీడరు: పెట్టుకోండి. సంతకం సంగతి కూడా గుర్తుపెట్టుకోండి.

మాజీ సర్పంచ్: కార్డు ఫారం తెచ్చి పెట్టు. లాయర్‌కి చూపిస్తా.

వాదన ఇక్కడితో ఆగింది. ఫారం లాయరు దగ్గరికి వెళుతుందో లేదో నేను చెప్పలేను. ఆయన అన్నవాటిలో మూడు నాకు కొట్టిపారేయడానికి వీల్లేకుండా కనపడ్డాయి: టన్నుల లెక్క, లాకు తాళం, పంచాయతీ ఖాతాలో డబ్బు. ఊరి ప్రణాళిక థర్మల్ స్టేషన్‌కు ప్రత్యామ్నాయం కాదు. నిధులూ అధికారాలూ ఇవ్వకుండా ఊళ్ళను ‘కర్బన తటస్థం’ కమ్మని అడగడం బాధ్యతను కిందికి తోసేయడమే. అయినా నా మొగ్గు ఆమె వైపే. ఆరుతడి పైపులు ఊళ్ళోకి ఇప్పటికే వచ్చేస్తున్నాయి. సాగుదారు పేరు లేని జాబితాతో అవి వస్తే, పేదవాడి చెమట మీద ఇంకొకరు పచ్చ ముద్ర వేసుకుంటారు. మీనంగాడి నుంచి మనం తెచ్చుకోవలసింది చెట్ల బ్యాంకు కాదు. ఊరి లెక్క ఊరి చేతిలో ఉండడం, డబ్బు ఊరి సహకార బ్యాంకులో పడడం తెచ్చుకుంటే చాలు. దానికి కౌలుదారు కార్డును మనమే జతచేసుకోవాలి, వాళ్ళు ఆ పని చేయలేదు.

పంచాయతీ అభివృద్ధి ప్రణాళికల ప్రచారం ఏటా అక్టోబరు 2న మొదలవుతుంది. తొమ్మిది ఇతివృత్తాల్లో ‘స్వచ్ఛ, హరిత గ్రామం’ ఒకటి. ఆ కాలమ్‌లో సాధారణంగా మొక్కలు నాటుట అని ఒక పంక్తి ఉంటుంది. మీ ఊరి ముసాయిదా అడిగి తీసుకోండి. ఆ పంక్తి కింద ఇంకో మూడు పంక్తులు రాయించండి: ఏ కాలవ కింద ఎవరు సాగు చేస్తున్నారు, వాళ్ళలో ఎంతమందికి కార్డుంది, లేనివాళ్ళకు ఎప్పటిలోగా వస్తుంది.